షోకేసులో కోట్ల ఏళ్లు

ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ మెక్‌నీల్ అలెగ్జాండర్ 1980లలో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం అమ్మే ప్లాస్టిక్ డైనోసార్ బొమ్మలు తెప్పించుకున్నారు. పిల్లలు తమ చిల్లర డబ్బులతో కొనుక్కునే బొమ్మలవి. ఆయన వాటిని నీళ్లలో ముంచి కొలిచారు. ఆ కొలతల నుంచి టైరనోసారస్ బతికున్నప్పుడు సుమారు 7.4 టన్నులు, డిప్లొడోకస్ 18.5 టన్నులు, బ్రాకియోసారస్ దాదాపు 47 టన్నులు తూగి ఉంటాయని లెక్క తేల్చారు. అవి శాస్త్ర సాహిత్యంలో చోటు సంపాదించుకుని ఇప్పటికీ చర్చకు వచ్చే అంకెలు.

మ్యూజియం దుకాణంలోని బొమ్మను ఒక శాస్త్రవేత్త అంతగా ఎందుకు నమ్మారు? దాన్ని చేసిన తీరు వల్ల. లెస్టర్ నగరానికి చెందిన ఇన్విక్టా ప్లాస్టిక్స్ 1974 నుంచి ఆ మ్యూజియం కోసం ఈ బొమ్మలు పోతపోసింది. వాటిలో ఎముకల పొడవు, కాళ్ల నిష్పత్తి, పక్కటెముకల గుండ్రన ఊహించి పెట్టినవి కావు. అస్థిపంజరాల నుంచి తీసుకున్నవి. వాటి మీద కండరాలు ఎంత మందాన ఉండాలో అప్పటి శాస్త్రజ్ఞానం చెప్పింది.

అందుకే మంచి డైనోసార్ బొమ్మను ఒక శాస్త్రాభిప్రాయంగా చూడాలి. ఫలానా సంవత్సరం నాటికి ఆ జంతువు గురించి మనిషికి తెలిసిందీ, తెలియక ఊహించిందీ అందులో కలిసి గట్టిపడి ఉంటాయి. ఈ చూపుతో సేకరిస్తే, అరచేతిలో ఇమిడే జంతువుల వరుస విజ్ఞాన చరిత్రగా మారుతుంది.

కడుపు కింద ముద్ర

పేరున్న కంపెనీ బొమ్మను తిరగేస్తే కడుపు మీదో, పాదం అడుగునో, తోక కిందో సన్నని అక్షరాలు కనిపిస్తాయి. తయారీదారు పేరు, జంతువు పేరు, ఒక సంవత్సరం ఉంటాయి. సాధారణంగా ఆ సంవత్సరం శిల్పి ఆ రూపాన్ని మలిచిన కాలాన్ని చెబుతుంది. ఒకసారి ఉక్కు అచ్చు తయారయ్యాక కంపెనీ దాన్ని ఏళ్ల తరబడి వాడుతుంది. కాబట్టి నిన్న కొన్న బొమ్మలో 20 ఏళ్ల నాటి అభిప్రాయం ఉండవచ్చు. సేకరించేవారు మొదట చూసేది ఈ ముద్రనే.

ఈ సంప్రదాయానికి వయసు బాగానే ఉంది. 1854లో లండన్ శివారు సిడెనమ్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానంలో శిల్పి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ ప్రాచీన జంతువుల నిలువెత్తు ప్రతిమలు నిలబెట్టారు. సలహాదారు రిచర్డ్ ఓవెన్. డైనోసార్ల వర్గానికి 1842లో పేరు పెట్టింది ఆయనే. హాకిన్స్ వాటికి చిన్న నమూనాలు కూడా చేశారు. అమెరికాలో వార్డ్స్ అనే సంస్థ వాటిని కేటలాగులో పెట్టి కళాశాలలకూ మ్యూజియాలకూ అమ్మింది. హాకిన్స్ చేసిన ఇగ్వానోడాన్ ఖడ్గమృగంలా నాలుగు కాళ్ల మీద బరువుగా నిలబడి ఉంటుంది, ముక్కు మీద కొమ్ము ఉంటుంది. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గు గనిలో ఇగ్వానోడాన్ల పూర్తి అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఆ కొమ్ము నిజానికి బొటనవేలి ముల్లు అని అప్పుడు తేలిపోయింది.

1950లలో అమెరికాలో లూయీ మార్క్స్ కంపెనీ ప్లాస్టిక్ డైనోసార్లను ఇంటింటికీ చేర్చింది. వాటికి ఆధారం యేల్ విశ్వవిద్యాలయపు పీబడీ మ్యూజియం గోడ మీద రుడాల్ఫ్ జాలింగర్ 1943 నుంచి 1947 వరకు వేసిన మహాచిత్రం. 1988లో అమెరికాకే చెందిన సఫారీ కంపెనీ, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంతో కలిసి 1:40 స్కేలులో డైనోసార్ల శ్రేణి మొదలుపెట్టింది. అది 2015 వరకు నడిచింది. ఇక జపాన్‌లో 1999లో ఫురుతా అనే మిఠాయి కంపెనీ చాక్లెట్ గుడ్డు లోపల తమ దేశపు జంతువుల బుల్లి బొమ్మలు పెట్టింది. వాటిని తయారు చేసింది ఒసాకాకు చెందిన కాయోదో సంస్థ. చాక్లెట్ కన్నా బొమ్మ కోసం పెద్దవాళ్లే ఎగబడ్డారు.

ఒకే జంతువు, ఎన్నో రూపాలు

సేకరణకు టైరనోసారస్‌ను మించిన పాఠం లేదు. మార్క్స్ కాలపు టైరనోసారస్ నిటారుగా నిలబడి తోకను నేలకు ఆనించి ఉంటుంది. రెండు కాళ్లు, ఒక తోక కలిసి ముక్కాలిపీటలా బరువు మోస్తాయి. బొమ్మ పడిపోకుండా నిలవడానికీ ఆ భంగిమ బాగా కుదిరింది. ఇన్విక్టా బొమ్మ, 1988 నాటి కార్నెగీ బొమ్మ కూడా అదే బాటలో నడిచాయి.

అప్పటికే శాస్త్రం మారడం మొదలైంది. 1969లో జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్ అనే చురుకైన వేటజంతువును వర్ణించారు. 1975లో ఆయన శిష్యుడు రాబర్ట్ బక్కర్ డైనోసార్లు మందకొడి ప్రాణులు కావని గట్టిగా వాదించారు. టైరనోసారస్ వెన్ను నేలకు సమాంతరంగా ఉండేదనీ, ముందు తలకు వెనక తోక తూకంగా గాలిలో నిలిచేదనీ శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తన ప్రఖ్యాత అస్థిపంజరాన్ని విప్పి, కొత్త భంగిమలో బిగించి 1995లో మళ్లీ ప్రదర్శనకు పెట్టింది. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమా ఈ భంగిమను ప్రపంచమంతా చూపించింది. ఫ్రాన్స్‌కు చెందిన పాపో కంపెనీ 2005లో తెచ్చిన టైరనోసారస్ ఆ సినిమా రూపానికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ తయారీదారుకు కొత్త చిక్కు వచ్చింది. తోక నేలను వదిలాక బరువంతా రెండు పాదాల మీదే పడుతుంది. బొమ్మ గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత పాదాల మధ్య పడాలి. వేలెడంత పక్కకు జరిగినా బొమ్మ ముక్కు మీద పడుతుంది. అందుకే చాలా కంపెనీలు పాదాలను ఉండాల్సిన దానికన్నా పెద్దవి చేస్తాయి, లేకపోతే కింద పీఠం జోడిస్తాయి. కార్నెగీ శ్రేణిలోనే తరువాతి రెండుకాళ్ల బొమ్మలు కొన్ని మళ్లీ తోక ఆనించి నిలబడ్డాయి. శిల్పికి శాస్త్రం తెలిసినా గురుత్వాకర్షణకు తలవంచక తప్పలేదు.

తరువాతి మలుపు చర్మం. 1996లో చైనాలో ఈకల లాంటి నూగుతో సైనోసారాప్టెరిక్స్ బయటపడింది. 2012లో టైరనోసారస్ వంశానికే చెందిన యూటైరానస్‌కు ఈకలున్నట్లు తెలిసింది. 2017లో సఫారీ ఈకలున్న టైరనోసారస్ బొమ్మను విడుదల చేసింది. అదే ఏడాది టైరనోసారస్ మెడ, తుంటి, తోక భాగాల చర్మపు అచ్చులను పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఆ చోట్లన్నిటా ఉన్నవి చిన్న చిన్న పొలుసులే. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం, టైరనోసారస్ పళ్లు మొసలి పళ్లలా ఎప్పుడూ బయటికి కనిపించేవి కావనీ, పెదవుల లాంటి కణజాలం వాటిని కప్పి ఉండేదనీ వాదించింది. ఇప్పుడు నోరు మూస్తే పళ్లు కనిపించని టైరనోసారస్‌లు వస్తున్నాయి.

1955, 1988, 2005, 2017, 2023. ఈ వరుసలో పాత బొమ్మను తప్పని తీసి పారేస్తే చరిత్రలో ఒక పుట చిరిగినట్లే. ప్రతి బొమ్మలో తన కాలపు అవగాహన కనిపిస్తుంది. కొత్త ఆధారం దొరికినప్పుడు శాస్త్రం తన మాటను ఎలా మార్చుకుంటుందో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా సులువైన సాధనం నాకు తెలియదు.

బకెట్టు నీళ్లలో టన్నుల లెక్క

అలెగ్జాండర్ చేసిన లెక్క ఇంట్లోనూ చేయవచ్చు. 1:40 స్కేలు అంటే బొమ్మ పొడవు అసలు జంతువు పొడవులో 40వ వంతు. అయితే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 40 రెట్లు తగ్గుతాయి కాబట్టి ఘనపరిమాణం 40×40×40, అంటే 64,000 రెట్లు తగ్గుతుంది.

ఒక గిన్నెను అంచుదాకా నీళ్లతో నింపి, దాన్ని పెద్ద పళ్లెంలో పెట్టండి. బొమ్మకు రంధ్రాలుంటే మైనంతో మూసి, సన్నని పుల్లతో పూర్తిగా మునిగేలా నొక్కండి. పొర్లిన నీటిని కొలగ్లాసులో పోయండి. 120 మిల్లీలీటర్లు వచ్చాయనుకుందాం. దాన్ని 64,000తో గుణిస్తే 7,680 లీటర్లు. జంతువుల శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతకు సమానం కాబట్టి ఆ జంతువు సుమారు 7.7 టన్నులు తూగుతుంది. స్కేలు ముద్రించని బొమ్మ అయితే ముందు దాని పొడవు కొలవాలి. షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని 'సూ' అనే టైరనోసారస్ అస్థిపంజరం పొడవు 12.3 మీటర్లు. బొమ్మ 30 సెంటీమీటర్లుంటే స్కేలు 1:41 అవుతుంది.

ఈ లెక్కలో జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. పొడవులో 5 శాతం పొరపాటు జరిగితే బరువులో దాదాపు 16 శాతం తేడా వస్తుంది. బొమ్మ ఒళ్లు ఎంత లావుగా ఉందన్నది ఇంకా పెద్ద తేడా తెస్తుంది. అలెగ్జాండర్ కన్నా ముందే, 1962లో, ఎడ్విన్ కోల్‌బర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త నీటికి బదులు ఇసుక వాడి ఇదే పద్ధతిలో బ్రాకియోసారస్ బరువు 78 టన్నులని లెక్కగట్టారు. అలెగ్జాండర్‌కు వచ్చింది 47. ఆ జంతువు ఎముకలు మారలేదు, వాటి మీద శిల్పి కప్పిన కండ మారింది. ఇప్పుడు శాస్త్రవేత్తలు లేజర్ స్కానింగుతో, కాళ్ల ఎముకల చుట్టుకొలతతో బరువు అంచనా వేస్తున్నారు. అయినా ఎముకల చుట్టూ ఎంత మాంసం ఉండేదన్న ప్రశ్న ఆ పద్ధతుల్నీ పూర్తిగా వదల్లేదు.

చేతులు, పాదాలు, రంగులు

బొమ్మ మంచిదో కాదో తేల్చుకోవడానికి కొన్ని చోట్లు చూస్తే చాలు. మొదటిది వేటాడే డైనోసార్ల చేతులు. చవక బొమ్మల్లో అరచేతులు నేలవైపు తిరిగి ఉంటాయి. వాటి మణికట్టు ఎముకలు అలా తిరగడానికి వీల్లేదు. అరచేతులు చప్పట్లు కొట్టబోతున్నట్లు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. రెండోది పొడవు మెడ శాకాహారుల ముందుపాదాలు. ఏనుగు పాదానికి ఉన్నట్లు వరుసగా గోళ్లు చెక్కితే అది పొరపాటు. చాలా జాతులకు ఆ పాదంలో బొటనవేలికి మాత్రమే పెద్ద గోరు ఉండేది. మూడోది స్టెగోసారస్ వీపు మీది పలకలు. అవి జంటలు జంటలుగా ఎదురెదురుగా ఉండవు, ఒకటి తప్పి ఒకటిగా రెండు వరుసల్లో ఉంటాయి.

రంగు విషయంలో శిల్పికి చాలాకాలం పూర్తి స్వేచ్ఛ ఉండేది. 2010లో ఆ స్వేచ్ఛకు తొలిసారి హద్దు పడింది. సైనోసారాప్టెరిక్స్ శిలాజంలో రంగునిచ్చే అతిసూక్ష్మ కణభాగాలు, మెలనోసోములు దొరికాయి. వాటి ఆకారాన్ని ఇప్పటి పక్షుల ఈకల్లోని మెలనోసోములతో పోల్చి, దాని తోక మీద ఎర్రగోధుమ, తెలుపు చారలుండేవని చెప్పగలిగారు. 2016లో సిట్టకోసారస్‌కు వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉండేదని తేలింది. ఇలా రంగు తెలిసిన జంతువులు ఇప్పటికీ కొద్దే. వాటి బొమ్మల్లో రంగుకు ఆధారముంది, మిగతావాటిలో ఉన్నది చిత్రకారుడి ఆలోచన. ఈ తేడా తెలిసి చూస్తే బొమ్మ మరింత ముచ్చటగా ఉంటుంది.

మూడు ఏనుగులు

బతికున్న జంతువుల బొమ్మలకు ఈ వెసులుబాటు లేదు. అసలు జంతువు కళ్ల ముందే ఉంది కాబట్టి తప్పు చేస్తే దొరికిపోతారు. మంచి కంపెనీ చేసిన ఆసియా ఏనుగు, ఆఫ్రికా ఏనుగు, ఉన్ని మామత్ బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడండి. మన ఏనుగుకు నుదుటిమీద రెండు ఉబ్బులు, కాస్త పైకి వంగిన వీపు, తొండం చివర ఒక్క వేలులాంటి మొన. ఆఫ్రికా ఏనుగుకు లోపలికి వంగిన వీపు, తొండం చివర రెండు మొనలు, భుజాలను కప్పే పెద్ద చెవులు. ఆ చెవుల్లోని రక్తనాళాల ద్వారా అది ఒంటి వేడిని బయటికి పంపుతుంది. మామత్‌కు వేడిని దాచుకోవడం కావాలి, అందుకే దాని చెవులు చాలా చిన్నవి. సైబీరియా మంచులో చెడిపోకుండా దొరికిన కళేబరాలు ఈ సంగతి చెప్పాయి. చెవుల సైజు ఒక్కటి చూసి ఆ జంతువు ఎలాంటి వాతావరణంలో బతికిందో చెప్పవచ్చు.

మామత్‌ను కళ్లారా చూసి బొమ్మ చెక్కిన మనిషీ ఉన్నాడు. జర్మనీలోని వోగెల్‌హెర్డ్ గుహ దగ్గర 2006లో దంతంతో చెక్కిన మామత్ ప్రతిమ ఒకటి దొరికింది. పొడవు 3.7 సెంటీమీటర్లు, బరువు 7.5 గ్రాములు, వయసు 35,000 ఏళ్లకు పైనే. సన్నని దేహం, బలమైన కాళ్లు, వంపు తిరిగిన తొండం. ఎవరు ఎందుకు చేశారో గానీ, ఆ చేతికి ఆ జంతువు నడక తెలుసు. ఈ గుహ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలోనే ష్లైచ్, బుల్లీలాండ్ కంపెనీలు పుట్టాయి. ఈనాటి జంతు బొమ్మల్లో వాటికి పెద్ద పేరుంది.

కాలాన్ని మెట్లెక్కించడం

అంగట్లో దొరికే డైనోసార్ల సంచిలో టైరనోసారస్, స్టెగోసారస్, వీపు మీద తెరచాప ఉన్న డైమెట్రోడాన్ ఒకే చోట ఉంటాయి. నిజంలో ఈ మూడూ ఎన్నడూ కలవలేదు. స్టెగోసారస్ కాలం దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందటిది. టైరనోసారస్ 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించింది. అంటే స్టెగోసారస్ కన్నా మనమే టైరనోసారస్‌కు కాలంలో దగ్గర. డైమెట్రోడాన్ డైనోసార్ కానే కాదు. దాని బంధుత్వం మన క్షీరదాల వంశంతో. డైనోసార్లు పుట్టకముందే, సుమారు 28 కోట్ల ఏళ్ల కిందట, అది తిరిగేది.

దీన్ని గోడ పొడవునా చూపించవచ్చు. గోడ అంచును ఈనాడుగా, ఒక సెంటీమీటరును పది లక్షల ఏళ్లుగా అనుకోండి. టైరనోసారస్ 66 సెంటీమీటర్ల దగ్గర, దాని కాలానికి దగ్గరిదైన, గుజరాత్‌లో దొరికిన రాజాసారస్ అనే డైనోసార్ దాదాపు అక్కడే నిలబడతాయి. స్టెగోసారస్ 150 దగ్గర, డైమెట్రోడాన్ 280 దగ్గర. చివరి మామత్‌లు ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ల కిందటి దాకా బతికాయి. ఈ కొలతలో అది మిల్లీమీటరులో 25వ వంతు, గోడ అంచుకు అతుక్కుపోయినట్లే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్ల మీద కథాక్రమం తప్పకుండా బొమ్మలు పేర్చడం తెలిసిన విద్యే. ఆ కొలువులో ఒక మెట్టు ఇలా కాలానికి ఇస్తే పిల్లలు అడిగే ప్రశ్నలే పాఠం నడిపిస్తాయి.

ఎండ, జిడ్డు, సీసం

ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం పీవీసీతో చేసినవే. నీళ్ల గొట్టాలకు వాడేదీ అదే, సహజంగా గట్టిది. బొమ్మ మెత్తగా ఉండటానికి అందులో ప్లాస్టిసైజర్ అనే ద్రవం కలుపుతారు. అది పీవీసీ అణువుల గొలుసుల మధ్య చేరి వాటిని ఒకదానిమీద ఒకటి జారనిస్తుంది. వేడి తగిలితే ఆ జారుడు ఇంకా పెరుగుతుంది. అందుకే మన రోహిణీకార్తె ఎండల్లో రెండుకాళ్ల బొమ్మలు చీలమండల దగ్గర వంగి ముందుకు వాలిపోతాయి. సరిచేయడం తేలిక. మరగని వేడినీళ్లలో కాలు మెత్తబడేదాకా ఉంచి, తిన్నగా పట్టుకుని, వెంటనే చల్లనీళ్లలో ముంచాలి. గొలుసులు కొత్త స్థానంలో బిగుసుకుంటాయి.

ఏళ్లు గడిస్తే ప్లాస్టిసైజర్ పైకి ఊరి బొమ్మ జిడ్డుగా మారుతుంది. తేలిక సబ్బునీటితో కడిగి, నీడలో, గాలి ఆడేచోట పెట్టాలి. గట్టి ప్లాస్టిక్ పెట్టెలకు తగిలేలా ఉంచితే ఆ ద్రవం వాటినీ కరిగిస్తుంది. ప్లాస్టిసైజర్లలో థాలేట్లు అనే రకం ఆరోగ్యానికి మంచిది కాదని ఐరోపా సమాఖ్య 2005లో, అమెరికా 2008లో పిల్లల బొమ్మల్లో వాటిపై ఆంక్షలు పెట్టాయి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. పాత బ్రిటిష్ లోహపు జంతువులు సేకరించేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. వాటిలో సీసం ఉంటుంది. వాటిని పిల్లల చేతికి అందనివ్వకూడదు.

మన కోటాసారస్ కోసం

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత–గోదావరి లోయలో, జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు 1970ల చివర్లో ఒక పొడవు మెడ శాకాహారి ఎముకలు తవ్వి తీశారు. కనీసం 12 జంతువులకు చెందిన ఎముకలవి. పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పొడవు సుమారు 9 మీటర్లు. గోడ మీది మన కొలతలో దాని చోటు 175, 200 సెంటీమీటర్ల మధ్య, స్టెగోసారస్ కన్నా వెనక.

1:40 స్కేలులో కోటాసారస్ 22.5 సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది. ఒళ్లంతా కొలతలున్నాయి. తల మాత్రం దొరకలేదు, దొరికింది రెండు పళ్లే. కాబట్టి శిల్పి ఆ తలను దగ్గరి బంధువుల పుర్రెలు చూసి ఊహించాలి, ఊహించినట్లు పీఠం మీద చెప్పాలి. ఇంతవరకు చెప్పిన పాఠమంతా ఆ ఒక్క బొమ్మలో ఉంటుంది. తెల్లపొణికి చెక్కకు ప్రాణం పోసే కొండపల్లి కళాకారులు, లక్క రంగుల మెరుగు తెలిసిన ఏటికొప్పాక పనివారు మన దగ్గరే ఉన్నారు. ఎముకలు కొలిచిన భూవిజ్ఞానులూ మన దగ్గరే ఉన్నారు. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, సంవత్సరం ముద్రతో సరైన కొలతల కోటాసారస్‌ను చేయించి, మ్యూజియం గుమ్మం దగ్గర బడిపిల్లలకు అందే ధరకు అమ్మాలి. రేపు ఎవరైనా ఆ లోయలో తల తవ్వి తీస్తే రెండో బొమ్మ చేద్దాం, మొదటిదాన్నీ దాచుకుందాం.